రక్తంలో అంకె పెరిగింది, నాన్నకి జబ్బు తిరిగొచ్చినట్టేనా?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది పాలకొల్లు దగ్గర ఒక పల్లె. మా నాన్నగారికి 61 ఏళ్లు. కిందటేడు ఎడమ బుగ్గ లోపల పుండు ఎన్నాళ్లకీ మానకపోతే విశాఖ తీసుకెళ్లాం. క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి బుగ్గలో కొంత భాగం, మెడలో గడ్డలు తీశారు. తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టారు. దాంతోపాటు వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించారు. అదంతా అయి తొమ్మిది నెలలు.

పోయిన నెల టౌన్లో ఒక ల్యాబ్ ముందు, ఒక్క రక్త పరీక్షతో నోటి క్యాన్సర్‌ని ముందే పట్టేస్తాం అని ఫ్లెక్సీ కట్టారు. భయంకొద్దీ నాన్నకి చేయించాం. ఎస్‌సీసీ యాంటిజెన్ 2.4 వచ్చింది. 1.5 లోపు ఉండాలని రిపోర్టులో ఉంది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ అన్నం సహించడం లేదు. నాన్న ఏమీ అనరు గానీ రాత్రిళ్లు అరుగు మీదే కూర్చుంటున్నారు. మనిషి నీరసంగా ఉంటున్నారు, మొహం ఉబ్బింది, ఎండాకాలంలో కూడా చలి అంటున్నారు. ఆయనకి సోరియాసిస్ పాతదే, ఈ మధ్య మోచేతుల దగ్గర మళ్లీ పొలుసులు లేస్తున్నాయి. నెలనెలా ఈ పరీక్ష చేయించాలా?

మా తమ్ముడికి 32. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా. నిద్ర ఆపుకోవడానికి గుట్కా, ఖైనీ వాడతాడు. ఆవకాయ తగిలితే నోరు మండిపోతోందని కొన్నాళ్లుగా పెరుగన్నమే తింటున్నాడు. వాడికీ ఆ టెస్టు చేయిస్తే నార్మల్ వచ్చింది. నాకేం లేదు చూశావా అని ఇంకా ధీమాగా తిరుగుతున్నాడు. మా అమ్మమ్మ చిన్నప్పటి నుంచీ అడ్డపొగ (చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని) తాగుతుంది. ఆవిడకి కూడా చేయించమంటారా?

- పేరు వద్దు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: అమ్మా, ముందు మీ మొదటి ప్రశ్నకే వస్తాను. ఆ 2.4 ఒక్కదాన్ని పట్టుకుని నాన్నగారికి జబ్బు తిరిగొచ్చిందని ఎవరూ చెప్పలేరు. రాలేదనీ చెప్పలేరు. నోరు చూసి, మెడ తడిమి తేల్చాల్సిన విషయం ఇది. తర్వాతి అపాయింట్‌మెంట్ ఎప్పుడున్నా సరే, ఈ వారంలోనే ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి ఆయన్ని తీసుకెళ్లండి. ఏదో ముంచుకొచ్చిందని ఇలా చెప్పడం లేదు. ఆ కాగితం ఇంట్లో పెట్టుకుని అందరూ తలోవిధంగా ఊహించుకుంటూ గడిపే రోజుల కంటే, పది నిమిషాల పరీక్ష నయం.

ఇక ఆ అంకె సంగతి. ఎస్‌సీసీ యాంటిజెన్ ఒక ప్రోటీన్. 1977లో జపాన్ శాస్త్రవేత్తలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణజాలంలో దాన్ని గుర్తించారు. మన చర్మం పైపొరలో, నోటి లోపలి పొరలో పొలుసు కణాలుంటాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా అవి ఈ ప్రోటీన్‌ని తయారుచేస్తూనే ఉంటాయి. నోటి క్యాన్సర్లలో నూటికి 90 దాకా ఈ పొలుసు కణాల నుంచే పుడతాయి. అందుకని గడ్డ పెద్దదైనప్పుడు, మెడలోకి పాకినప్పుడు రక్తంలో ఇది పెరగొచ్చు. అంతవరకు ల్యాబు వాళ్లు చెప్పేది నిజమే.

అయితే సోరియాసిస్ ఉన్నవాళ్లలోనూ ఇది పెరుగుతుంది. చర్మం మీద పొలుసులు ఎంత ఎక్కువ లేస్తుంటే అంత పెరగొచ్చు. ఉత్తరంలో మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన మోచేతుల సంగతి అందుకే నాకు ముఖ్యంగా అనిపించింది. కిడ్నీలు సరిగా పనిచేయకపోయినా ఇది పెరుగుతుంది. నాన్నగారికి ఎక్కించిన సిస్‌ప్లాటిన్ కొందరి కిడ్నీలను దెబ్బతీస్తుంది. కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష క్రియాటినిన్ చివరిసారి ఎప్పుడు చూశారో, ఎంత ఉందో ఫైల్లో వెతకండి. చికిత్స అయ్యాక చూడకపోతే ఇప్పుడు చేయించండి. కొన్ని ఊపిరితిత్తుల జబ్బుల్లోనూ ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఇవేవీ లేకపోయినా, నమూనాలో కాస్త చర్మపు పొట్టో ఉమ్మి తుంపరో కలిస్తే చాలు, అంకె పైకి పోతుంది. చర్మంలోనూ ఉమ్మిలోనూ ఈ ప్రోటీన్ దండిగా ఉంటుంది మరి.

ఇంకోటి చూడండి. 1.5 అనే గీత ఒక కంపెనీ మెషీన్‌ది. వేరే మెషీన్లలో ఆ గీత 2 దాటి కూడా ఉంటుంది. అంటే ఇక్కడ ఎక్కువ అనిపించిన అంకె మరోచోట మామూలుగా కనిపించొచ్చు. అందుకే ఒక ల్యాబు రిపోర్టును ఇంకో ల్యాబు రిపోర్టు పక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో అనుకోకూడదు.

అన్నిటికంటే పెద్ద లోటు, పోల్చి చూడటానికి పాత అంకె లేకపోవడం. ఆపరేషన్‌కి ముందు ఎంత ఉంది? కరెంటు అయిపోయిన కొత్తలో ఎంత ఉంది? మీరు రాయలేదు. బహుశా ఎవరూ చూసి ఉండరు, అందులో తప్పు కూడా లేదు. ఎందుకంటే నోటి క్యాన్సర్‌లో ఈ పరీక్ష తప్పనిసరిగా చేయాలని ఎక్కడా లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులని ఎవరైనా ఫోన్లో చెబితే మీరు ముందు అడిగేది పెరుగుతోందా, తీస్తోందా అనే కదా. రక్తంలో మార్కర్ (జబ్బుకి ఆనవాలుగా చూసే ఇలాంటి ప్రోటీన్) విషయమూ అంతే. ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో, కొన్ని వారాల తేడాతో చూసిన అంకెలు వరసగా పెరుగుతూ పోతుంటే అప్పుడు స్కాన్ ముందుకు జరపాలి. ఒక్క అంకెకి అంత విలువ లేదు.

నాన్నగారి గడ్డ అసలు ఈ ప్రోటీన్‌ని రక్తంలోకి వదిలే రకమో కాదో కూడా మనకి తెలియదు. చాలామంది నోటి క్యాన్సర్ రోగుల్లో, ముఖ్యంగా జబ్బు చిన్నగా ఉన్నప్పుడు, ఈ అంకె మామూలుగానే ఉంటుంది. అలాంటప్పుడు రేపు నెలనెలా చేయించి నార్మల్ వచ్చిందని ఊపిరి పీల్చుకున్నా, ఆ ధైర్యానికి ఆధారం ఉండదు. కాబట్టి నెలనెలా వద్దు. మీ సర్జన్ అవసరం అనుకుంటే చర్మం కాస్త సర్దుకున్నాక, కిడ్నీ పరీక్ష చూసుకున్నాక, అదే ల్యాబులో ఒకసారి మళ్లీ చేయిస్తారు. దాన్ని కొత్త మొదలుగా పెట్టుకుని, చెకప్‌కి వెళ్లినప్పుడు మాత్రమే చూస్తారు. ఇలాంటి ప్యాకేజీల్లో తరచూ సీఈఏ కూడా కలుపుతారు. 1965లో పెద్దపేగు క్యాన్సర్‌లో కనుక్కున్న మార్కర్ అది. పొగ తాగేవాళ్లలో ఏ క్యాన్సరూ లేకుండానే పెరుగుతుంది. చుట్టలు, బీడీలు తాగే ఊళ్లో ఆ పరీక్ష పెట్టడం జనాన్ని భయపెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మరి నాన్నగారికి ఏం జరగాలి? ఈ జబ్బు తిరిగి వచ్చేదైతే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే వస్తుంది. అందుకే మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి, రెండో ఏడాది రెండు నుంచి ఆరు నెలలకోసారి, ఆ తర్వాత అయిదేళ్ల దాకా నాలుగు నుంచి ఎనిమిది నెలలకోసారి చూపించుకోమంటారు. వెళ్లినప్పుడు డాక్టరు అద్దం పెట్టి చూసి ఊరుకోకూడదు. బుగ్గ కుట్లు వేసిన చోట, నాలుక కింద, చిగుళ్ల వెనక, మెడకి రెండు పక్కలా వేళ్లతో తడిమి చూడాలి. కుట్ల కింద చిన్న గట్టిదనం కంటికి కనిపించకపోయినా వేలికి తగులుతుంది. తడమకపోతే మొహమాటపడకుండా అడగండి. చికిత్స తర్వాత మూడు నాలుగు నెలలకి తీసిన స్కాన్ ఉంటే అది పట్టుకెళ్లండి. ఈ మధ్యలో రెండు వారాలు దాటినా మానని పుండు, మెడలో కొత్త గడ్డ, ఒకవైపు చెవిపోటు, కదులుతున్న పన్ను, పెదవి తిమ్మిరి, ముందుకంటే నోరు తక్కువ తెరుచుకోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే బయల్దేరాలి.

నాన్నగారికి ఇప్పుడు నిజంగా కావాల్సిన రక్త పరీక్ష వేరే ఉంది. థైరాయిడ్ చూసే టీఎస్‌హెచ్. మెడకి కరెంటు పెట్టినప్పుడు థైరాయిడ్ గ్రంథి కూడా దెబ్బతింటుంది. కొన్ని నెలలకో కొన్నేళ్లకో చాలామందిలో అది నెమ్మదిస్తుంది. నీరసం, మొహం ఉబ్బడం, ఎండలోనూ చలి అనడం అని మీరు రాసిన మూడూ దానికి సరిపోయే లక్షణాలు. మెడకి కరెంటు పెట్టించుకున్న ప్రతివాళ్లకీ ఆరు నెలల నుంచి ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూడాలి. ఏ ఊళ్లోనైనా చేస్తారు. తేడా ఉంటే రోజూ పొద్దున్నే ఒక మాత్రతో మనిషి తేరుకుంటారు. మీ ఇంట్లో అందరూ ఆ నీరసాన్ని చూసి క్యాన్సర్ తిరగబెట్టిందని లోపల్లోపల ఏడుస్తున్నారు. అది థైరాయిడ్ కావొచ్చని ఆయనకి చెప్పండి. ఆయన దగ్గర ఏదీ దాచకండి. రాత్రిళ్లు అరుగు మీద కూర్చుంటున్నారంటే ఆ రిపోర్టులో ఏముందో ఆయనకి మీకంటే ముందే అర్థమైపోయి ఉంటుంది.

అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఆవకాయ మాట. నాన్నగారిని చూసే డాక్టరు ఉన్నారు. మీ తమ్ముణ్ని చూసేవాళ్లు లేరు.

గుట్కా, ఖైనీ వాడే 32 ఏళ్ల మనిషికి కారం తగిలితే నోరు మండుతోందంటే, నేను మొదట అనుమానించేది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. నోటి లోపలి పొర కింద నారలాంటి కణజాలం పేరుకుని, బుగ్గలు మెల్లగా బిగుసుకుపోయే జబ్బు ఇది. దీనికి ముఖ్య కారణం వక్క. గుట్కాలో ఉండేదీ అదే. పొగాకు లేకపోయినా సరే, వక్క ఒక్కటే క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2004లో ప్రకటించింది. తోడుగా ఖైనీ ఉంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇవాళే అతన్ని కూర్చోబెట్టి, చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు మూడూ నిలువుగా ఒకదాని మీద ఒకటి పెట్టి పైపళ్లకీ కిందపళ్లకీ మధ్య దూర్చమనండి. తన వేళ్లే. రెండే పడితే నోరు బిగుసుకోవడం మొదలైనట్టే. మూడూ పట్టినా మంట ఉంది కాబట్టి చూపించాల్సిందే.

ఈ ఫైబ్రోసిస్ క్యాన్సర్ కాదు. కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. కేరళలో ఎర్నాకుళం జిల్లాలో ఈ జబ్బున్న 66 మందిని 17 ఏళ్ల పాటు గమనిస్తే వాళ్లలో 5 మందికి క్యాన్సర్ వచ్చింది. మిగిలిన 61 మందికి రాలేదు కదా అనుకోవచ్చు. కానీ ఏ అయిదుగురికి వస్తుందో ముందే చెప్పగల రక్త పరీక్ష లేదు. అందుకే ఆ రకం మనుషుల్ని వదలకుండా చూస్తూ ఉండాలి. మీ తమ్ముడి రిపోర్టు నార్మల్ వచ్చిందంటే ఆ రోజు ఆయన రక్తంలో ఆ ప్రోటీన్ మామూలు మోతాదులో ఉందని అర్థం. ఆయన బుగ్గ ఎలా ఉందో ఆ కాగితానికి తెలియదు. ఆ నార్మల్ అనే మాటని అనుమతిగా తీసుకుని ఇంకో రెండేళ్లు గుట్కా నములుతాడేమోనని నా భయం. ఆ ఫ్లెక్సీ చేసిన పెద్ద నష్టం నాన్నగారి భయం కంటే మీ తమ్ముడి ధీమా అని నేను అనుకుంటున్నాను.

ఒక్క రక్త పరీక్షతో ముందే పట్టేయడం ఎందుకు కుదరదో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ ప్రకటనలు ఇంకా పెరుగుతాయి. నోట్లో అయిదారు మిల్లీమీటర్ల పుండు రక్తంలోకి వదిలేది చాలా తక్కువ. ఒంట్లో అయిదు లీటర్ల రక్తంలో అది కలిసిపోతుంది. పరీక్షకి అందేంతగా పెరిగేసరికి ఆ పుండు టార్చిలైట్ వేస్తే ఎవరికైనా కనిపించే స్థితికి వచ్చేసి ఉంటుంది. దీనికి లెక్క కూడా తోడవుతుంది. ఉదాహరణకి ఒక ఊళ్లో వెయ్యి మందికి పరీక్ష చేశారనుకోండి. వాళ్లలో ఇద్దరికి నిజంగా క్యాన్సర్ ఉంది. పరీక్ష మంచిదే, నూటికి 90 సార్లు సరిగ్గా చెబుతుందనుకుందాం. ఆ ఇద్దరూ దొరికారనే అనుకున్నా, జబ్బులేని 998 మందిలో దాదాపు 100 మందికి తప్పుగా ఉందని వస్తుంది. మీ ఇంట్లో ఇప్పుడున్న పరిస్థితి ఆ వంద ఇళ్లలోనూ ఉంటుంది. వాళ్లందరినీ పిలిచి అప్పుడైనా చేయాల్సిందేమిటి? నోరు తెరిపించి చూడటమే. ఆ పని మొదటే చేయొచ్చు.

రక్త పరీక్షతో తల, మెడ క్యాన్సర్లను ముందే పట్టిన ఉదాహరణ లేకపోలేదు. హాంగ్‌కాంగ్‌లో 20 వేల మందికి పైగా మగవాళ్లను రక్తంలో ఎప్‌స్టీన్ బార్ వైరస్ డీఎన్ఏ కోసం పరీక్షించి, ముక్కు వెనక గొంతులో వచ్చే క్యాన్సర్‌ని తొలిదశలోనే గుర్తించారు. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. అలాగే పడమటి దేశాల్లో టాన్సిల్ దగ్గర హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే క్యాన్సర్లలో, చికిత్స తర్వాత ఆ వైరస్ డీఎన్ఏని రక్తంలో వెతికి జబ్బు తిరగబెట్టడాన్ని కనిపెడుతున్నారు. వీటిని చూపించి నోటి క్యాన్సర్‌కి కూడా అలాంటిదే వచ్చేసిందని జనాన్ని నమ్మిస్తున్నారు. అక్కడ వెతుకుతున్నది వైరస్‌ని, ఆ క్యాన్సర్ కణాలు రక్తంలోకి వదిలే పరాయి డీఎన్ఏని. మన దగ్గర పొగాకు, వక్క వల్ల బుగ్గకీ చిగుళ్లకీ వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ వాటికి ఆ వైరస్‌లతో సంబంధం లేదు. వెతకడానికి అందరిలోనూ ఒకేలా ఉండే ఆనవాలు లేదు. టీపీ53 అనే జన్యువు ఎక్కువమందిలో చెడిపోతుంది గానీ, ఒక్కొక్కరిలో ఒక్కోచోట చెడిపోతుంది.

అందుకే పరిశోధకులు ఇప్పుడు ఒక్కో రోగికి విడివిడిగా పరీక్ష తయారుచేసే దారిలో ఉన్నారు. క్యాన్సర్ కణాలు చచ్చినప్పుడు వాటి డీఎన్ఏ ముక్కలు రక్తంలో కలుస్తాయి. రెండు గంటలకి అటూ ఇటూగా అవి సగానికి తగ్గిపోతాయి. కాబట్టి ఆపరేషన్ అయిన కొన్నాళ్ల తర్వాత కూడా అవి కనిపిస్తున్నాయంటే, ఎక్కడో కణాలు మిగిలి ఉన్నాయని అనుమానించొచ్చు. తీసేసిన గడ్డలో ఏ జన్యువు ఎక్కడ చెడిందో ముందు చదివి, సరిగ్గా ఆ ముక్కల కోసమే ఆ మనిషి రక్తంలో వెతుకుతారు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 2015లో 93 మంది తల, మెడ క్యాన్సర్ రోగుల మీద చేసిన పని ఇందులో చెప్పుకోదగ్గది. నోటి క్యాన్సర్ ఉన్నవాళ్లందరి ఉమ్మిలోనూ గడ్డ డీఎన్ఏ దొరికింది. రక్తంలో మాత్రం నూటికి 80 మందిలోనే దొరికింది. నోటి జబ్బుకి రక్తం కంటే ఉమ్మే దగ్గర మరి. అయితే వాళ్లందరికీ జబ్బు ఉందని అప్పటికే తెలుసు, ఏం వెతకాలో కూడా తెలుసు. జబ్బు ఉందో లేదో తెలియని మీ తమ్ముడి విషయంలో అది పనిచేయదు.

జబ్బు తిరిగి రావడాన్ని కనిపెట్టడంలో ఈ దారికి మంచి భవిష్యత్తు ఉందని నేను నమ్ముతున్నాను. నాన్నగారికి అది ఎప్పుడైనా పనికిరావచ్చు కాబట్టి ఒక పని చేయండి. ఆపరేషన్‌లో తీసిన ముక్కని మైనంలో పెట్టి బ్లాక్‌గా ఆసుపత్రి పెథాలజీ విభాగంలో భద్రపరుస్తారు. దాని నంబరు బయాప్సీ రిపోర్టు మీద ఉంటుంది. ఆ రిపోర్టు, డిశ్చార్జి కాగితం, కరెంటు ఎంత మోతాదులో పెట్టారో ఉన్న కాగితం, మూడూ ఒకే ఫైల్లో పెట్టి ఫోన్లో ఫొటోలు తీసి ఉంచుకోండి. వరదకి ఫైళ్లు తడిసిపోయి, ఏ చికిత్స జరిగిందో చెప్పలేక నిలబడిపోయేవాళ్లు లంక గ్రామాల నుంచి వస్తుంటారు.

ముందే పట్టడానికి రుజువైన పద్ధతి కోసం మనం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. తిరువనంతపురం దగ్గర 13 పంచాయతీల్లో 1996లో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. 1.9 లక్షల మందికి పైగా అందులో ఉన్నారు. కొన్ని పంచాయతీల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోరు తెరిపించి చూశారు. మిగతా వాటిలో చూడలేదు. 2005లో ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు నూటికి 34 వంతులు తగ్గాయి. 15 ఏళ్ల తర్వాత చూసినా 24 వంతుల తగ్గుదల నిలిచి ఉంది. అక్కడ వాడింది కళ్లు, వేళ్లు, వెలుతురు. రక్త పరీక్షల్లో దేనికీ నోటి క్యాన్సర్ చావుల్ని తగ్గించినట్టు ఇంతటి రుజువు లేదు. ఒక్క 2022లోనే మన దేశంలో 1.4 లక్షల మందికి పైగా కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ వచ్చిందని అంతర్జాతీయ అంచనా. వాళ్లలో చాలామంది మన దగ్గరికి వచ్చేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. తెరిచి చూడగలిగే చోట పుట్టే జబ్బుకి ఇంతమంది పోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం.

అమ్మమ్మగారి విషయంలో ఇలా నోరు తెరిపించి చూడటం ఇంకా అవసరం. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఉత్తరాంధ్ర నుంచి మన గోదావరి జిల్లాల దాకా పాత తరం ఆడవాళ్లలో ఉంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాళ్లను పరీక్షించి, ఈ అలవాటు వల్ల అంగిలిలో వచ్చే మార్పుల గురించి 1971లోనే రాశారు. మామూలుగా అరుదైన అంగిలి క్యాన్సర్ ఈ అలవాటున్నవాళ్లలో ఎక్కువగా వస్తుంది. అంగిలి పైన ఉంటుంది కాబట్టి అద్దంలో కనిపించదు. ఆవిడ తల వెనక్కి వాల్చి, ఫోన్ టార్చి వేసి మీరే చూడండి. పెట్టుడు పళ్లుంటే తీయించి చూడండి, కట్టు కింద దాగిన పుండు పైకి కనిపించదు. తెల్లగా మందంగా అయిన చోటు, మధ్యలో ఎర్రటి చుక్కలు, పుండు, ఉబ్బు గమనించండి. తెల్లమచ్చ కంటే ఎర్రమచ్చ ప్రమాదం, నొప్పి లేకపోయినా సరే. చుట్ట సరిగ్గా పెట్టుకుంటే నష్టం లేదని మాత్రం ఎవరూ అనుకోకండి.

మీకు చూడటం రాకపోయినా పర్వాలేదు. 30 ఏళ్లు దాటినవాళ్లకి నోటి పరీక్ష జాతీయ కార్యక్రమంలో భాగం. ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లో అడగండి, ఆశా కార్యకర్తతో చెప్పండి. మీ తమ్ముణ్నీ అమ్మమ్మగారినీ మాత్రం నేరుగా భీమవరం డెంటల్ కాలేజీలో ఓరల్ మెడిసిన్ విభాగానికి తీసుకెళ్లమంటాను. మీకు అదే దగ్గర. వెళ్లి రక్త పరీక్ష కావాలని అడగొద్దు. గుట్కా అలవాటుంది, కారానికి మంట, నోరు ఇంతే తెరుచుకుంటోంది అని చెప్పండి చాలు.

అక్కడ అనుమానం వస్తే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంటారు. ఇక్కడే చాలామంది వెనక్కి తిరిగి వచ్చేస్తారు. కత్తి తగిలితే క్యాన్సర్ పాకేస్తుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. రక్త పరీక్ష ప్రకటనలకి జనం ఎగబడటానికి అసలు కారణం ఈ భయమేనని నాకనిపిస్తుంది. అమ్మా, అది నిజం కాదు. నోట్లో చిన్న మత్తు సూది ఇచ్చి మెంతిగింజ కంటే కాస్త పెద్ద ముక్క తీయడం వల్ల జబ్బు పాకదు. ముక్క తీయించుకోకుండా నెలలు గడిపితే మాత్రం పాకుతుంది. నాన్నగారి బుగ్గలో ముక్క తీశాకే కదా చికిత్స మొదలైంది. ఆ సంగతి మీ తమ్ముడికి నాన్నగారి చేతే చెప్పించండి.

గుట్కా మానడం గురించి మీ తమ్ముణ్ని తిట్టకండి. తెల్లవార్లూ చెరువు గట్టు మీద ఒంటరిగా ఉండేవాడికి బుగ్గలో ఏదో ఒకటి ఉండటం తోడులా అలవాటైపోతుంది. నికోటిన్ మానిన మొదటి వారం చిరాకు, నిద్రలేమి ఎక్కువగా ఉంటాయి, తర్వాత మెల్లగా తగ్గుతాయి. నికోటిన్ చూయింగ్‌గమ్ ఉంది గానీ నోరు బిగుసుకుని మండుతున్నవాళ్లకి అది కష్టం. చర్మానికి అంటించే ప్యాచ్ గురించి డాక్టర్ని అడగండి. కేంద్ర ప్రభుత్వం నడిపే పొగాకు మానిపించే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356. వీలైతే కొన్నాళ్లు పగటి కాపలాకి మార్చమని చెరువు యజమానిని మీరే అడిగి చూడండి. ఫైబ్రోసిస్ అని తేలితే నోరు తెరిచే వ్యాయామాలు, కొందరికి బుగ్గలో ఇంజెక్షన్లు ఇస్తారు. బిగుసుకున్నది పూర్తిగా వదలకపోయినా, వక్క ఆపితే ఇంకా బిగుసుకోకుండా ఆగే అవకాశం ఎక్కువ. క్యాన్సర్ అని తేలినా ఎన్టీఆర్ వైద్య సేవలో చికిత్స ఉంది, నాన్నగారి విషయంలో మీకు ఆ దారి తెలిసే ఉంటుంది.

విశాఖ వెళ్లినప్పుడు ఎస్‌సీసీ రిపోర్టుతోపాటు టీఎస్‌హెచ్, క్రియాటినిన్ రిపోర్టులు కూడా పట్టుకెళ్లండి. ఈ రెండూ పాలకొల్లులోనే చేయించుకుని బయల్దేరితే అక్కడ ఒక రోజు కలిసొస్తుంది. సోరియాసిస్ ఉందన్న సంగతి, దానికి వాడుతున్న మందులు డాక్టరుకి మర్చిపోకుండా చెప్పండి. మీ తమ్ముడి విషయంలో ఏం తేల్చారో నాకు మళ్లీ రాయండి.